అటక మీది డీవీడీ రికార్డర్‌లోంచి ఇంటి వీడియోలను బయటికి తీయడం ఎలా?

మీ ఇంట్లో టీవీ కిందో అటక మీదో పలకలాంటి ఒక మిషన్ ఉండి, దాని ముందు భాగంలో ‘హెచ్‌డీడీ’, ‘డీవీడీ’ అని రెండు బటన్లు పక్కపక్కనే కనిపిస్తున్నాయా? అయితే అది మామూలు డీవీడీ ప్లేయర్ కాదు. లోపల 80, 160, 250 జీబీ ఇలా ఏదో ఒక సైజు హార్డ్ డిస్క్ ఉంటుంది. అప్పట్లో సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో వచ్చిన బంధువులు తెచ్చిపెట్టిన మిషన్లు ఇవి. టీవీలో వచ్చేవి, కెమెరాలో తీసినవి అన్నీ అందులోకి ఎక్కించేసి, తర్వాత ఫోన్లు వచ్చాక దాని సంగతే మరిచిపోయాం. 160 జీబీ డిస్కులో మామూలు క్వాలిటీలో సుమారు 70 గంటల వీడియో పడుతుంది. అన్ని గంటల్లో మీ ఇంటి మనుషులు ఎవరెవరు ఉన్నారో గుర్తుందా? దాన్ని పాత సామాన్ల బండికి వేసే ముందు రెండు ఆదివారాలు కేటాయించండి.

ఒక విషయం ముందే తెలియాలి. ఆ హార్డ్ డిస్క్‌ను ఊడదీసి కంప్యూటర్‌కు పెడితే వీడియోలు కనిపించవు. కంపెనీలు వాటిని తమ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేశాయి. కంప్యూటర్ దాన్ని ఖాళీ డిస్క్ అనుకుని ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. సరే అన్నారో, అంతే సంగతులు. కాబట్టి అందులో ఉన్నది ఆ మిషన్ ద్వారానే బయటికి రావాలి. మిషన్ బతికున్నప్పుడే రావాలి.

మా ఇంట్లో అది రాలేదు. 2013లో మా మిషన్ ఆన్ చేస్తే ఏదో మెసేజ్ దగ్గర ఆగిపోయేది. విజయవాడలోనే ఒక రిపేరు షాపులో ఇచ్చాం. మూడో రోజు ఫోన్ చేసి, “కొత్త హార్డ్ డిస్క్ వేశానండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది” అన్నాడాయన. పాతది ఏదండీ అంటే స్క్రాప్‌లోకి పోయిందన్నాడు. అందులో మా నాన్నమ్మ ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువు ముందు కూర్చుని, పళ్ళెం తిప్పుతూ మంగళహారతి పాడిన పది నిమిషాలు. పాట మధ్యలో దగ్గొచ్చి ఆగి, కొంగుతో నోరు తుడుచుకుని, మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది. హార్డ్ డిస్క్‌లో ఉంది కదా అని ఆ కెమెరా టేపు మీద వేరే పుట్టినరోజు ఎక్కించాం. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఇక్కడ రాస్తున్నవన్నీ ఆ తర్వాత, అదే మిషన్‌తో బంధువుల ఇళ్ళలోని క్యాసెట్లు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ నేర్చుకున్నవి.

మొదటి పని: వెనక లేబుల్ చదవండి

ప్లగ్ పెట్టకముందే మిషన్ వెనక అంటించిన లేబుల్ చూడండి. 220–240 వోల్టులు అని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే అది అమెరికా నుంచి వచ్చింది. దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా టీవీ బొమ్మను పంపే పద్ధతి అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, మన దగ్గర పాల్. అందులో ఇప్పటికే ఉన్న వీడియోలు తీసుకోవచ్చు కానీ, మన పెళ్లి క్యాసెట్లు ఎక్కించడానికి అది సాధారణంగా పనికిరాదు.

తర్వాత దుమ్ము. వెనక చిన్న ఫ్యాను ఉంటుంది, దాని రెక్కలకు పేరుకున్నది మెత్తటి బ్రష్‌తో దులపండి. అటక మీంచి దించిన రోజే ఆన్ చేయకండి. ముఖ్యంగా వానాకాలం అయితే ఒకటి రెండు రోజులు గాలి తగిలే గదిలో ఉంచండి.

ఇప్పటి టీవీల్లో పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల సాకెట్లు లేకపోవచ్చు. కొన్నిటికి ఒకే సన్న రంధ్రం ఉండి, దానికి వేరే ఏవీ కేబుల్ కావాలి. ఆ కేబుల్ అన్ని కంపెనీలకూ ఒకటే కాదు. సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే పసుపు, ఎరుపు పిన్నులు ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి, చాలాసార్లు వచ్చేస్తుంది. మిషన్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే ఈ గొడవే లేదు.

ఆన్ చేశాక చెవి పెట్టి వినండి

హార్డ్ డిస్క్ తిరిగితే సన్నటి హోరు వస్తుంది. అది మామూలే. అలా కాకుండా టక్... టక్... అని ఒకే లయలో కొడుతుంటే డిస్క్ చివరి దశలో ఉన్నట్టు. అప్పుడు ఊరికే ఆన్ చేసి, ఆఫ్ చేసి చూడకండి. ఏది అన్నిటికన్నా ముఖ్యమో నిర్ణయించుకుని, ఖాళీ డిస్కులు చేతిలో పెట్టుకుని, అప్పుడే ఆన్ చేయండి.

తెర మీద ‘హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేయాలా’ అన్న ప్రశ్న వస్తే ‘నో’ నొక్కండి. ఎన్నిసార్లు అడిగినా ‘నో’నే. టెన్షన్‌లో రిమోట్ మీద ఓకే నొక్కేయడం చాలా తేలిక. అందుకే పిల్లల చేతికి రిమోట్ ఇవ్వకండి.

ఆపేటప్పుడు గోడ దగ్గర స్విచ్ కట్టేయకండి. ముందు మిషన్ మీది పవర్ బటన్ నొక్కితే అది తన లెక్కలు రాసుకుని మూసుకుంటుంది. కొన్నిటి డిస్‌ప్లే మీద ‘బై’ అని కనిపిస్తుంది. అది పోయి అంతా సద్దుమణిగాకే ప్లగ్ తీయండి.

ఏది ముందు, ఏది తర్వాత

రిమోట్‌లో నావిగేటర్ లేదా టైటిల్ లిస్ట్ అన్న బటన్ నొక్కితే లోపలున్నవన్నీ చిన్న బొమ్మలతో వరసగా వస్తాయి. ఒక నోటుపుస్తకంలో నెంబరు, తేదీ, నిడివి, అందులో ఏముందో రాసుకోండి. చాలావాటికి పేరు ఉండదు, తేదీ, ఛానెల్ మాత్రమే ఉంటాయి. ఛానెల్ బదులు ‘ఎల్1’, ‘ఎల్2’, ‘డీవీ’ అని ఉన్నవి బయటి నుంచి ఎక్కించినవి. కెమెరా, వీసీఆర్ (వీడియో క్యాసెట్ మిషన్) వీడియోలు అక్కడే దొరుకుతాయి కాబట్టి ముందు వాటిని తీయండి. సెట్‌టాప్ బాక్స్ నుంచి ఎక్కించినవి కూడా అలాగే కనిపిస్తాయి, ఒక్క నిమిషం ప్లే చేస్తే తెలిసిపోతుంది. సినిమాలు, సీరియళ్ళు చివరికి వదిలేయండి. అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి, మీ తాతగారు దొరకరు.

జాగా కోసమని ఈ దశలో ఏదీ డిలీట్ చేయకండి. కాపీ చేయడానికి డిలీట్ చేయాల్సిన పనే లేదు.

డిస్కులోకి కాపీ

మిషన్ ముందు భాగంలో డీవీడీ గుర్తులు ఉంటాయి. ఏ రకం గుర్తు ఉంటే ఆ రకం డిస్కులే కొనండి. మైనస్ ఆర్ రకం ఎక్కువ మిషన్లలో పనిచేస్తుంది. నా సలహా మాత్రం రెండు మూడు ఆర్‌డబ్ల్యూ డిస్కులు తీసుకోమని. వాటిని చెరిపి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. మన అసలు గమ్యం డిస్కు కాదు, కంప్యూటర్. డిస్కు మధ్యలో మోసే బిందె మాత్రమే. ఆర్‌డబ్ల్యూ డిస్కు పెట్టగానే వీఆర్ మోడ్ కావాలా, వీడియో మోడ్ కావాలా అని అడిగితే వీడియో మోడ్ అనండి, కంప్యూటర్ సులువుగా చదువుతుంది.

కాపీకి రెండు దారులున్నాయి. ఒకటి హై స్పీడ్. ఇందులో వీడియో ఉన్నది ఉన్నట్టు డిస్కులోకి వెళ్తుంది, బొమ్మ ఇసుమంత కూడా తగ్గదు, గంట వీడియో సాధారణంగా పావుగంటలోపే అయిపోతుంది. రెండోది వీడియో ఎంతసేపుంటే అంతసేపూ పట్టే కాపీ. ఇందులో మిషన్ ప్రతి బొమ్మనూ మళ్ళీ కుదిస్తుంది కాబట్టి కాస్త మసకబారుతుంది. కాపీ మొదలుపెట్టే ముందు ఎంత సమయం పడుతుందో తెర మీద చూపిస్తుంది. గంట వీడియోకు గంట చూపిస్తే మీరు రెండో దారిలో ఉన్నట్టు, వెనక్కి వచ్చి హై స్పీడ్ ఎంచుకోండి. కొన్ని మిషన్లలో రికార్డు చేసే ముందే ‘హై స్పీడ్ డబ్బింగ్ కోసం’ అన్న సెట్టింగు ఆన్‌లో ఉండి ఉండాలి. అప్పుడు ఆఫ్‌లో ఉండి ఉంటే పాతవాటికి రెండో దారే గతి. కొత్తగా ఎక్కించే క్యాసెట్ల కోసం ఇప్పుడే ఆన్ చేసి పెట్టుకోండి.

ఎక్స్‌పీ, ఎస్పీ, ఎల్పీ అంటే రికార్డు చేసేటప్పుడు ఎంచుకునే క్వాలిటీ మోడ్‌లు. 4.7 జీబీ డిస్కులో ఎక్స్‌పీ మోడ్‌లో గంట, ఎస్పీలో రెండు గంటలు, ఎల్పీలో నాలుగు గంటలు పడతాయి. మీ పెళ్లి వీడియో ఎస్పీలో మూడు గంటలుంటే ఒక డిస్కులో ఇరికించాలని చూడకండి. మిషన్ ‘సరిపోయేలా తగ్గిస్తాను’ అంటుంది, అంటే మళ్ళీ కుదిస్తుంది. బదులుగా ఎడిట్ మెనూలో డివైడ్ చేసి రెండు ముక్కలు చేసుకోండి. ముక్క చేసే చోటు మంత్రం మధ్యలోనో మాట మధ్యలోనో కాకుండా, వీడియోగ్రాఫర్ సీను మార్చిన చోట పెట్టండి. ఈ రకం వీడియోలో బొమ్మలు అరసెకను గుత్తులుగా ఉంటాయి కాబట్టి మీరు కోసిన చోటుకు ముందో వెనకో కొద్దిగా జరగొచ్చు. ఒక సెకను జాగా వదలండి.

కాపీ అయ్యాక ఫైనలైజ్, అంటే డిస్కు వేరే ప్లేయర్లలో కూడా ఆడేలా ముగించడం. ఈ ఒక్క మెట్టు మరిచిపోయి ‘డిస్కు వేరే ప్లేయర్‌లో ఆడటం లేదు’ అని పారేసినవాళ్ళు ఎందరో. డీవీడీ మేనేజ్‌మెంట్ లేదా డిస్క్ సెట్టింగ్స్ అన్న మెనూలో ఉంటుంది. కొద్ది నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో కరెంటు పోతే డిస్కు చెడిపోయినట్టే. ఇంట్లో పాత ఫైనలైజ్ చేయని డిస్కులు ఉంటే వాటినీ ఇదే మిషన్‌లో పెట్టి ఇప్పుడు ఫైనలైజ్ చేయండి. చాలావరకు లేచి కూర్చుంటాయి.

డీవీడీ ట్రే తెరుచుకోకపోతేనో, డిస్కు పెట్టినా చదవకపోతేనో దిగులు పడకండి. హార్డ్ డిస్క్ కన్నా ముందు పోయేది చాలాసార్లు ఆ లేజరే. మిషన్ వెనక ఏవీ అవుట్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు తీసి, చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా ల్యాప్‌టాప్‌కు కలపండి. మిషన్‌లో ప్లే నొక్కి, ల్యాప్‌టాప్‌లో రికార్డు నొక్కాలి. పదిగంటల వీడియోకు పదిగంటలూ పడుతుంది. అయినా పోగొట్టుకోవడం కన్నా నయం.

కంప్యూటర్లోకి

ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించేది కొనుక్కోవచ్చు. డిస్కు పెడితే ‘వీడియో_టీఎస్’ అన్న ఫోల్డర్ కనిపిస్తుంది, అందులో ఒక్కోటి 1 జీబీకి మించని వీఓబీ ఫైళ్ళు ఉంటాయి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని అలాగే కాపీ చేసుకోండి, లేదా మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫైలుగా మార్చుకోండి. రెండింటిలోనూ క్వాలిటీ తగ్గదు. ఇదే మీ అసలు కాపీ.

వాట్సాప్‌లో పంపడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో చిన్న ఎంపీ4 చేయండి. అందులో డీఇంటర్లేస్ ఆన్ చేయకపోతే, చెయ్యి కదిపినప్పుడల్లా అంచుల వెంట దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి. ఈ చిన్న ఫైలు చూసి ఆనందించడానికే. అది ఉంది కదా అని అసలుది తీసేయకండి.

ఎస్పీలో తీసినవి అయితే 1 టీబీ పోర్టబుల్ డిస్కులో సుమారు 400 గంటలు పడతాయి. బంధువులందరి పెళ్ళిళ్ళూ కలిపినా ఇంకా జాగా మిగులుతుంది.

ఇప్పుడు క్యాసెట్ల వంతు

మిషన్ పనిచేస్తోందని తేలాక దాని అసలు విలువ ఇక్కడే. వీసీఆర్ కొత్తవి ఇక రావు. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఊళ్ళో ఎవరింట్లో వీసీపీ (రికార్డు చేయకుండా క్యాసెట్లు ఆడించే మిషన్) పనిచేస్తుంటే వాళ్ళను బతిమాలి వారం రోజులు తెచ్చుకోండి.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లగా చుక్కలో, బూడిద చల్లినట్టో ఉంటే అది బూజు. కృష్ణ ఒడ్డున తేమకు మన క్యాసెట్లలో ఇది మామూలు. దాన్ని వీసీపీలో పెడితే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివి పక్కన పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. బాగున్న క్యాసెట్‌ను చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి తిప్పండి. ఏళ్ళ తరబడి ఒకే బిగువులో ఉన్న టేపు సర్దుకుంటుంది.

వీసీపీ వీడియో అవుట్ నుంచి పసుపు వైరు, ఆడియో అవుట్ నుంచి తెలుపు వైరు రికార్డర్ ‘ఇన్’ సాకెట్లకు కలపండి. పాత వీసీపీలు చాలావాటికి సౌండ్ పిన్ను ఒక్కటే. ఒకదాన్ని రెండుగా చీల్చే చిన్న పిన్ను పెట్టకపోతే సౌండ్ ఒక చెవిలోనే వస్తుంది. రికార్డర్‌లో ఇన్‌పుట్ ఎల్1 పెట్టి, మోడ్ ఎక్స్‌పీ లేదా ఎస్పీ ఎంచుకోండి. క్యాసెట్ బొమ్మ ఎలాగూ అంతంతమాత్రమే కదా, ఎల్పీ చాలు అనుకుంటారు. నిజానికి ఆ చుక్కలూ గీతలూ ఉన్న బొమ్మకే ఎక్కువ జాగా కావాలి. ఎల్పీలో ముఖాలు మైనపు ముద్దల్లా అయిపోతాయి.

మినీ డీవీ కెమెరా టేపులైతే, రికార్డర్ ముందు మూత కింద డీవీ సాకెట్ ఉందేమో చూడండి. ఆ ఒక్క కేబుల్‌తో కలిపితే బొమ్మ చాలా శుభ్రంగా వస్తుంది. షాపులో కొన్న సినిమా క్యాసెట్లలో కొన్ని మాత్రం కాపీ కాకుండా కట్టడి చేసి ఉంటాయి, మిషన్ వాటిని రికార్డు చేయనంటుంది.

వరద నీళ్ళలో మునిగిన క్యాసెట్ అయితే ఎట్టి పరిస్థితిలోనూ వీసీపీలో పెట్టకండి. ఎండలో ఆరబెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. బురద ఎండి అట్ట కట్టకముందే శుభ్రమైన చల్లటి నీళ్ళతో కడిగి, నీడలో ఆరనిచ్చి, తెలిసినవాళ్ళకు చూపించండి.

కరెంటు, ఎండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. మే నెల మధ్యాహ్నం మూసిన టీవీ స్టాండ్ అరలో ఈ మిషన్‌ను నాలుగు గంటలు నడిపితే హార్డ్ డిస్కుకూ, పవర్ సప్లైలోని కెపాసిటర్లకూ చేటు. బల్ల మీద, చుట్టూ జానెడు ఖాళీ వదిలి పెట్టండి. నేను ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే చేస్తాను.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రికార్డర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. అప్పటిదాకా ఎక్కిన వీడియో పోవచ్చు, హార్డ్ డిస్కే దెబ్బతినొచ్చు. యూపీఎస్ మోడ్‌లో ఆ భయం దాదాపు ఉండదు.

రిపేరుకు ఇవ్వాల్సి వస్తే

నోటి మాట చాలదు. ‘హార్డ్ డిస్క్ మార్చకూడదు, ఫార్మాట్ చేయకూడదు, తీసిన ప్రతి భాగమూ తిరిగి ఇవ్వాలి’ అని కాగితం మీద రాసి మిషన్ పైన టేపుతో అంటించండి. అసలు ఆన్ కాని మిషన్‌లో చాలాసార్లు తప్పు పవర్ సప్లైలోనే ఉంటుంది. కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటాయి, అవి మారిస్తే సరిపోతుంది. ముందు అది చూడమని అడగండి.

రెండో కాపీ వేరే ఊళ్ళో

ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో. వీలైతే వేరే ఊళ్ళో. విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని పెళ్లి క్యాసెట్టు బీరువా కింది అరలో ఉండేది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఆ అర మొత్తం మునిగింది. అంతకు మూడేళ్ళ ముందే దాన్ని నేను ఎక్కించి, ఒక కాపీ గుంటూరు బ్రాడీపేటలో మా అక్క దగ్గర పెట్టాను. ఇల్లు కడుక్కుని, గోడలకు సున్నం వేయించుకున్నాక, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి పిన్ని టీవీకి పెట్టాం.

అప్పుడు తెలిసింది, నేను ఒక మెట్టు వదిలేశానని. మంగళస్నానాల దగ్గర, వంటల దగ్గర, పందిట్లో తిరుగుతున్నవాళ్ళలో సగం మంది నాకు తెలియదు. పిన్నికి తెలుసు. కాబట్టి వీడియో కంప్యూటర్లోకి వచ్చాక పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మొదటి నుంచి చివరిదాకా వాళ్ళతో కలిసి చూడండి. వాళ్ళు ఆపమన్న చోట ఆపండి. ఎన్నో నిమిషంలో ఎవరున్నారో రాసి, ఆ కాగితాన్నీ ఆ ఆడియోనూ వీడియో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. మా కాగితంలో మొదటి వరుస ఇలా ఉంది: ‘4వ నిమిషం, అరుగు మీద విస్తళ్ళు లెక్కపెడుతున్న తెల్లపంచె మనిషి, పిన్ని వాళ్ళ మేనమామ. కెమెరాకు వీపు తిప్పుకునే ఉంటాడు, 31వ నిమిషంలో ఒక్కసారి ముఖం కనిపిస్తుంది.’